పిట్యూటరీ దగ్గర సిస్ట్: ఎప్పుడు చూస్తూ ఉండాలి, ఎప్పుడు తీయాలి

(రోగులు, వాళ్ళ కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక న్యూరోసర్జన్ చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది తలనొప్పి అనో, నెలసరి తప్పిందనో, కింద పడి తలకు దెబ్బ తగిలిందనో స్కాన్ తీయించుకుని ఉంటారు. రిపోర్టు చివర్లో పిట్యూటరీ గ్రంథిలో సిస్ట్, అంటే నీటి తిత్తి, ఉందని రాసి ఉంటుంది. మెదడు, గడ్డ, ఆపరేషన్... ఈ మూడూ ఒకేసారి మనసులో పడ్డాక ఇక నిద్ర ఎక్కడిది? ఆ టెన్షన్ నాకు తెలుసు. అందుకే ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. ఇవాళ మనం మాట్లాడుకునే సిస్టులు క్యాన్సర్ కావు. ఒంట్లో ఇంకో చోటికి పాకవు. చాలామందిలో వీటికి వైద్యమే అక్కర్లేదు.

అలాగని అన్నిటినీ వదిలేయడానికీ లేదు. కొన్ని చూపును దెబ్బతీస్తాయి, కొన్ని హార్మోన్లను తగ్గించేస్తాయి. స్కాన్‌లో సిస్ట్ కనబడటం ఒకటి, ఆ సిస్ట్ వల్ల మనిషికి జబ్బు రావడం ఇంకొకటి. మీ విషయంలో ఏది నిజమో తేల్చుకున్నాకే ఆపరేషన్ మాట ఎత్తాలి. ఈ రోజు మీ దగ్గర నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇదే.

పిట్యూటరీ ఉండేది మెదడు అడుగున, ముక్కు వెనక, రెండు కళ్ళ మధ్య నుంచి నేరుగా లోపలికి వెళ్తే వచ్చే చోట. స్ఫీనాయిడ్ అనే ఎముకలో చిన్న గుంట ఉంటుంది, ఆ గుంటలో కూర్చుని ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. పైనున్న మెదడు భాగంతో దాన్ని ఒక సన్నటి కాడ కలుపుతుంది. ఆ అర గ్రాము కండే థైరాయిడ్‌కి, అడ్రినల్ గ్రంథులకి, అండాశయాలకి, వృషణాలకి ఆదేశాలు పంపుతుంది. పిల్లల ఎదుగుదల, తల్లి పాలు, మూత్రంలో ఎంత నీరు పోవాలి, ఎంత నిలవాలి అన్నవి కూడా దీని చేతిలోనే ఉన్నాయి. గుంటకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనులు, సరిగ్గా నెత్తిమీద రెండు కంటి నరాలు కలిసే చోటు. ఇంత ఇరుకులో కొన్ని మిల్లీమీటర్ల నీటి తిత్తి కూడా ఎవరో ఒకరిని నొక్కగలదు.

అసలక్కడ తిత్తి ఎందుకు వస్తుంది? అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రాత్కే క్లెఫ్ట్ సిస్ట్. మార్టిన్ రాత్కే అనే జర్మన్ శాస్త్రవేత్త 1838లో పిండం ఎదుగుదలను గమనిస్తూ ఒక సంగతి వర్ణించాడు. గర్భంలో నాలుగో వారం ప్రాంతంలో, బిడ్డ నోటి పైకప్పుగా మారబోయే భాగం నుంచి ఒక చిన్న సంచి పైకి లేస్తుంది. మెదడు వైపు నుంచి ఇంకో మొలక కిందికి దిగుతుంది. రెండూ కలిసి పిట్యూటరీ అవుతాయి. ముందు భాగం నోటి నుంచి వచ్చింది, వెనక భాగం మెదడు నుంచి వచ్చింది. ఆ సంచిలోని ఖాళీ మామూలుగా మూసుకుపోవాలి. కొందరిలో పూర్తిగా మూసుకోకుండా సన్నటి చీలిక మిగిలిపోతుంది. దాని గోడలోని కణాలు జిగురు ద్రవాన్ని స్రవిస్తాయి. ఏళ్ళ తరబడి ఆ ద్రవం పేరుకుంటే సిస్ట్ అవుతుంది. మీరు తిన్నదాని వల్లో, సెల్‌ఫోన్ వల్లో, ఏదో మనోవ్యథ వల్లో వచ్చింది కాదు. మీరు పుట్టకముందే దానికి బీజం పడింది. ఈ మాట ముఖ్యంగా తల్లులకు చెబుతున్నాను. బిడ్డకి సిస్ట్ ఉందంటే గర్భంతో ఉన్నప్పుడు తామేదో పొరపాటు చేశామని కుమిలిపోయేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ భారం మోయకండి.

వేరే కారణాలతో చనిపోయినవాళ్ళ పిట్యూటరీలను కోసి చూసిన అధ్యయనాల్లో సుమారు 13 నుంచి 22 శాతం మందిలో చిన్న చిన్న రాత్కే సిస్టులు బయటపడ్డాయి. వాళ్ళలో చాలామందికి బతికినన్నాళ్ళూ అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఇప్పుడు ఎమ్మారై స్కాన్లు ఎక్కువయ్యాయి, కనబడటం ఎక్కువైంది, అంతే.

ఇక లక్షణాలకు వస్తాను. చూపుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యమైతే తిరిగి రానిది, మందుతో భర్తీ చేయలేనిది అదే. సిస్ట్ పైకి పెరిగితే కంటి నరాలు కలిసే చోటుని కింది నుంచి నొక్కుతుంది. ముందుగా దెబ్బతినేవి రెండు కళ్ళ నుంచీ వచ్చి అక్కడ అడ్డంగా దాటే నరపు పోగులు. అవి చూపించేది బయటి పక్క దృశ్యాన్ని. అందుకే గంతలు కట్టిన గుర్రానికి లాగా ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కలు కనబడవు. చిక్కేమిటంటే ఇది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనిషి అలవాటు పడిపోతాడు. తలుపు అంచుకి భుజం కొట్టుకోవడం, బండి నడిపేటప్పుడు పక్క నుంచి వచ్చే వాహనం ఆఖరి క్షణంలో కనబడటం, నడుస్తూ పక్కన ఉన్నవాళ్ళని గుద్దుకోవడం... ఇలా మొదలవుతుంది. కళ్ళద్దాలు మార్చుకుంటారు, తగ్గదు. కంటి డాక్టరు దగ్గర అక్షరాల బోర్డు చివరి వరస దాకా చదివేస్తారు, ఎందుకంటే అది చూసేది మధ్య చూపుతో. అందువల్ల ఫీల్డ్ టెస్ట్ చేయించాలి. ఒక్కో కన్ను మూసి, ఏ మూల ఎంత కనబడుతోందో యంత్రం మీద కొలిచే పరీక్ష అది. కంటి నరాలను తాకుతున్న సిస్ట్ ఉన్నవాళ్ళు, "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అనుకున్నా సరే, ఈ పరీక్ష చేయించుకోవాల్సిందే.

తర్వాత హార్మోన్లు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే లక్షణాలు ఇంత మామూలుగా ఉండి ఇంత ఆలస్యంగా పట్టుబడేవి తక్కువ.

తల్లి పాలకి కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని మెదడులో తయారయ్యే డోపమైన్ అనే రసాయనం ఎప్పుడూ అదుపులో పెడుతూ ఉంటుంది. ఆ డోపమైన్ దిగి వచ్చేది పిట్యూటరీ కాడ గుండా. సిస్ట్ ఆ కాడను నొక్కితే అదుపు సడలి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఆడవాళ్ళలో నెలసరి తప్పడం, గర్భం లేకుండానే రొమ్ముల నుంచి పాలు రావడం, పిల్లలు కలగకపోవడం. మగవాళ్ళలో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు. సిగ్గుపడి చెప్పరు, చెప్పాలి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. ప్రొలాక్టిన్‌ని స్రవించే నిజమైన కణితి వేరే ఉంది. దానికి క్యాబర్గోలిన్ మాత్రలు వాడితే కణితే కుంచించుకుపోతుంది. సిస్ట్ నొక్కడం వల్ల పెరిగిన ప్రొలాక్టిన్ సాధారణంగా కొద్దిపాటిగానే పెరుగుతుంది. మాత్ర వేస్తే రక్తపరీక్షలో అంకె దిగుతుంది, సిస్ట్ మాత్రం అలాగే ఉంటుంది. అంకె చూసి తృప్తిపడి స్కాన్ మానేస్తే లోపల అది పెరుగుతూ పోవచ్చు.

రెండోది అడ్రినల్ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసోల్. ఇది తగ్గితే విపరీతమైన నీరసం, ఆకలి మందగించడం, వికారం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, రక్తంలో సోడియం పడిపోవడం. చిన్న జ్వరానికే కుప్పకూలిపోతారు. ప్రాణం మీదికి వచ్చే లోపం ఇది. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి చూడాలి, ఎందుకంటే సహజంగా అది ఎక్కువగా ఉండే వేళ అదే.

మూడోది థైరాయిడ్. మామూలుగా టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌కి పిట్యూటరీ పంపే ఆదేశం, ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందని చెప్పేస్తారు. లోపం పిట్యూటరీలో ఉన్నప్పుడు ఆ లెక్క పనిచేయదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపిస్తుంది, థైరాయిడ్ తయారుచేసే అసలు హార్మోన్ ఫ్రీ టీ4 మాత్రం తక్కువగా ఉంటుంది. కాబట్టి రెండూ అడగండి. ఇంకో మాట, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: కార్టిసోల్, థైరాయిడ్ రెండూ తక్కువగా ఉంటే ముందు కార్టిసోల్ మందు మొదలుపెట్టాలి, ఆ తర్వాతే థైరాయిడ్ మందు థైరాక్సిన్. వరస తారుమారైతే ఉన్న కాస్త కార్టిసోల్ కూడా త్వరగా ఖర్చయిపోయి మనిషి షాక్‌లోకి వెళ్ళే ప్రమాదం ఉంది.

నాలుగోది నీటి హార్మోన్, వాసోప్రెసిన్. ఇది లోపిస్తే రోజుకి మూడు లీటర్లు దాటి నీళ్ళలాంటి మూత్రం పోతుంది, రాత్రి పదే పదే లేవాల్సి వస్తుంది, ఎంత తాగినా దాహం తీరదు. డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. రక్తంలో షుగర్‌తో దీనికి సంబంధం లేదు. మామూలు పిట్యూటరీ కణితుల్లో ఆపరేషన్‌కి ముందు ఇది అరుదు, రాత్కే సిస్టుల్లో అంత అరుదు కాదు. కార్టిసోల్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో ఇది బయటపడకుండా దాగి ఉంటుంది. కార్టిసోల్ మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి ఉన్నట్టుండి మూత్రం పెరిగితే అది మందు చేసిన చెడు అనుకుని మానేయకండి, డాక్టరుకి చెప్పండి.

పిల్లల్లో అయితే ఎదుగుదల కుంటుపడుతుంది, వయసుకి రావడం ఆలస్యమవుతుంది. బడిలో తోటి పిల్లలతో పోల్చి పొట్టిగా ఉన్నాడని ఊరుకోకుండా, ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరిగాడో కొలవండి.

ఇప్పుడు తలనొప్పి. అన్నిటికన్నా కష్టమైన లక్షణం ఇదే, తేల్చడానికి. రాత్కే సిస్ట్ ఉన్నవాళ్ళలో తలనొప్పి బాగా ఎక్కువగా కనిపిస్తుంది. నుదుటి మీద, కళ్ళ వెనక ఉంటుందని ఎక్కువమంది చెబుతారు. సిస్ట్ లోపలి ద్రవం కొద్దికొద్దిగా ఊరి చుట్టూ ఉన్న పొరలకి, గ్రంథికి వాపు తెప్పిస్తే, సిస్ట్ చిన్నదైనా నొప్పి రావచ్చు. మరి మైగ్రేన్ లోకంలో ఎంతమందికి లేదు! మైగ్రేన్ ఉన్న మనిషికి స్కాన్ తీస్తే ఏడు మిల్లీమీటర్ల సిస్ట్ కనబడిందనుకోండి. ఆ నొప్పి సిస్ట్‌దా, మైగ్రేన్‌దా? వాంతులు, వెలుతురు పడకపోవడం, ఒక పక్కే నొప్పి ఉంటే ముందు మైగ్రేన్‌కి సరైన మందులు, సరైన మోతాదులో కొన్ని నెలలు వాడి చూడాలని నా అభిప్రాయం. తలనొప్పి ఒక్కటే కారణంగా, చిన్న సిస్ట్‌కి తొందరపడి ఆపరేషన్ చేయించుకోవద్దు. చేయించుకున్నాక నొప్పి అలాగే ఉంటే ఆ నిరాశ చాలా బాధాకరం. మైగ్రేన్ వైద్యం నిజాయితీగా చేసినా తగ్గక, కొత్తగా మొదలై పెరుగుతూ ఉన్న నొప్పి అయితే, అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడటం సబబే. అలాంటివాళ్ళలో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.

ఒక్క తలనొప్పి విషయంలో మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. జీవితంలో ఎప్పుడూ రానంత నొప్పి ఉన్నపళాన మొదలై, చూపు మసకబారినా, రెప్ప వాలిపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, వాంతులతో మగతలోకి జారుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. సిస్ట్‌లో రక్తస్రావం జరిగి ఉండొచ్చు.

పరీక్షల సంగతి కొంత చెప్పాను. ఎమ్మారై మాత్రం పిట్యూటరీకి ప్రత్యేకంగా, సన్నటి ముక్కలుగా, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి, ఇవ్వకుండా రెండు రకాలుగా తీయాలి. రాత్కే సిస్ట్ లోపల కాంట్రాస్ట్ వెలగదు. కొందరిలో లోపల తేలే చిన్న ముద్ద ఒకటి కనిపిస్తుంది, అది గట్టి ఆధారం. ఆ చోటే వచ్చే క్రేనియోఫ్యారింజియోమా అనే గడ్డలో గట్టి భాగం వెలుగుతుంది, సీటీలో తరచు సున్నపు చారలు ఉంటాయి. అది కూడా క్యాన్సర్ కాదు గానీ మొండిది, మెదడు భాగాలకి అతుక్కుంటుంది, దాని వైద్యం వేరు. మెదడు చుట్టూ ఉండే నీరే నిండిన అరాక్నాయిడ్ సిస్టులు, లోపల నీరు పట్టిన అడినోమాలు (మామూలు పిట్యూటరీ కణితులు) కూడా ఇక్కడే వస్తాయి. కొన్నిసార్లు ఆపరేషన్‌లో తీసిన ముక్కని ల్యాబ్‌లో చూస్తే తప్ప తేలదు.

లక్షణాల్లేని చిన్న సిస్ట్‌ని ఏం చేస్తాం? చూస్తూ ఉంటాం. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ స్కాన్, తర్వాత కొన్నేళ్ళు ఏడాదికోసారి, మార్పు లేకపోతే ఎడం పెంచుకుంటూ పోతాం. ఎక్కువ సిస్టులు అలాగే ఉండిపోతాయి. కొన్ని వాటంతట అవే చిన్నవైపోతాయి కూడా. "ఏమీ చేయకుండా పంపేశారు" అని బాధపడకండి. లెక్క ప్రకారం గమనించడం కూడా వైద్యమే.

చూపు తగ్గుతున్నా, కంటి నరాలు నొక్కుకుపోతున్నా, హార్మోన్లు పడిపోతున్నా, స్కాన్ స్కాన్‌కీ పెరుగుతున్నా ఆపరేషన్ కావాలి. దాదాపు ఎప్పుడూ ముక్కు దారిలోనే చేస్తాం. పుర్రె తెరవాల్సి రావడం అరుదు. ఈ దారి కొత్తదేం కాదు. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ ముక్కు వైపు నుంచి తొలిసారి పిట్యూటరీని చేరాడు. తర్వాత అమెరికన్ సర్జన్ హార్వీ కుషింగ్ చాలామందికి ఇలాగే చేశాడు, కొన్నేళ్ళకి పుర్రె దారికి మళ్ళాడు, ఆయన వెంట లోకమూ మళ్ళింది. ఎడింబరోలో నార్మన్ డాట్, పారిస్‌లో జెరార్డ్ గియో ఈ విద్యను వదలకుండా నిలబెట్టారు. 1960లలో మాంట్రియల్‌లో జూల్స్ హార్డీ దీనికి మైక్రోస్కోప్ తెచ్చాడు. 1990ల నుంచి ఎండోస్కోప్ వచ్చింది. ఆ కొద్దిమంది పట్టు వదలకపోవడం వల్లే ఇవాళ మీ ముఖం మీద గాటు పడకుండా పని జరుగుతోంది.

మత్తు ఇచ్చాక, ముక్కు రంధ్రంలోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని పంపుతాం. వెనకనున్న స్ఫీనాయిడ్ సైనస్ తెరిస్తే పిట్యూటరీ గుంట అడుగు కనిపిస్తుంది. పల్చటి ఎముకను తొలిచి, పొరను కోసి, వీలైనంతవరకు ఆరోగ్యంగా ఉన్న గ్రంథిని తాకకుండా సిస్ట్‌ని తెరుస్తాం. ద్రవం బయటికి వస్తుంది. ఒకరిలో నీళ్ళలా తేటగా, ఇంకొకరిలో చిక్కటి జిగురుగా. దాన్ని కడిగి, గోడలోంచి చిన్న ముక్క పరీక్షకి తీస్తాం.

"గోడంతా పీకేయొచ్చు కదా, మళ్ళీ రాకుండా?" అని అందరూ అడుగుతారు. సర్జన్ల మధ్య కూడా దీని మీద వాదన ఉంది. నా మాట స్పష్టంగా చెబుతాను: గోడను గ్రంథి నుంచి, కాడ నుంచి ఒలిచే ప్రయత్నం చేయకూడదు. అలా చేస్తే నీటి హార్మోన్ శాశ్వతంగా పోయే ముప్పు పెరుగుతుంది, దానికి తగ్గ లాభం ఖాయంగా వస్తుందని చెప్పలేం. నీరు తీసి, ఒత్తిడి దించి, తెరిచిన దారి త్వరగా మూసుకోకుండా చూస్తే చాలామందికి సరిపోతుంది. మెదడు నీరు కారితే మాత్రం ఆ దారిని మూయక తప్పదు. పొట్ట దగ్గర నుంచో తొడ నుంచో కాస్త కొవ్వు తీసి పెడతాం, అవసరమైతే ముక్కు లోపలి పొరనే తిప్పి కప్పుతాం.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు మూత్రం కొలుస్తూ ఉంటారు. ఒక్కసారిగా పెరిగితే నీటి హార్మోన్‌కి బదులుగా పనిచేసే డెస్మోప్రెసిన్ అనే మందు ఇస్తారు, ఎక్కువమందిలో అది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అసలు జాగ్రత్త ఇంటికి వెళ్ళాక కావాలి. నాలుగో రోజు నుంచి పదో రోజు మధ్య కొందరిలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మతిమరుపు, మగత వస్తాయి, చివరికి మూర్ఛ కూడా రావచ్చు. ఆపరేషన్ నీరసమని ఇంట్లోవాళ్ళు పడుకోబెడతారు. అలా చేయకండి. వారం రోజులప్పుడు సోడియం పరీక్ష తప్పకుండా చేయించండి, ఇంటికి పంపేముందు ఆ చీటీ అడిగి తీసుకోండి. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు, ముక్కి మలవిసర్జన చేయకూడదు. ముందుకి వంగితే ముక్కులోంచి నీళ్ళలా కారినా, గొంతులో ఉప్పగా తగిలినా, జ్వరంతో మెడ పట్టేసినా అదే రోజు రావాలి. కారేది మెదడు నీరు కావచ్చు, దాని వెంట మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్, రావచ్చు.

చూపు ఎక్కువమందిలో మెరుగవుతుంది, కొందరికి మత్తు దిగిన రోజే తేడా తెలుస్తుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: పోయిన హార్మోన్లు తిరిగి వస్తాయా డాక్టరుగారూ?

ప్రొలాక్టిన్ చాలామందిలో దిగుతుంది, కాడ మీద ఒత్తిడి పోతుంది కాబట్టి. కార్టిసోల్, థైరాయిడ్ లాంటివి కొందరిలోనే తిరిగి వస్తాయి. ముందునుంచే ఉన్న డయాబెటిస్ ఇన్సిపిడస్ తగ్గే అవకాశం తక్కువ. మీకు ఆశ పెట్టడం కోసం దీన్ని మెత్తగా చెప్పను. అయితే లోపించిన ప్రతిదానికీ మందు ఉంది, వేళకి వాడితే ఉద్యోగం, ఇల్లు, ప్రయాణాలు అన్నీ సాగుతాయి. కార్టిసోల్ మాత్ర వాడేవాళ్ళు జ్వరం వస్తే మోతాదు పెంచుకోవాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ తీసుకోవాలి. మీకీ లోపం ఉందని రాసిన కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

ప్రశ్న: మందులతో కరగదా?

రాత్కే సిస్ట్‌ని కరిగించే మందు లేదు. ఇటీవల లక్ష్యిత మందులతో (ఒక జన్యుమార్పుని గురిపెట్టి పనిచేసే మందులు) మంచి ఫలితాలు వచ్చింది క్రేనియోఫ్యారింజియోమాలో పాపిల్లరీ అనే ఒక రకంలో, బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్నవాటిలో. ఆ వార్త చదివి మన సిస్ట్‌కి అన్వయించుకోకండి.

ప్రశ్న: మళ్ళీ వస్తుందా?

రావచ్చు. ప్రచురితమైన లెక్కలు ఒకదానికొకటి తేడాగా ఉంటాయి, 10 నుంచి 20 శాతం అన్నది తరచు కనిపించే అంకె. గోడ కణాల్లో స్క్వామస్ మార్పు ఉందని, అంటే అవి చర్మపు కణాల్లాంటి పలుచటి కణాలుగా మారాయని, బయాప్సీలో (తీసిన ముక్క పరీక్షలో) వస్తే ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాం. మళ్ళీ నీరు చేరినా లక్షణాలు లేకపోతే ఊరికే గమనిస్తాం. కొన్నేళ్ళ తర్వాత కూడా రావచ్చు కాబట్టి, బాగున్నామని స్కాన్ మానేయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఆపరేషన్ అయింది. పిల్లలు పుడతారా అమ్మా అని అడుగుతోంది...

పుట్టొచ్చమ్మా. ప్రొలాక్టిన్ దిగితే చాలామందికి నెలసరి దానంతట అదే మొదలవుతుంది. పిట్యూటరీ నుంచి రావాల్సిన ఆదేశాలు రాకపోయినా, అవే హార్మోన్లను ఇంజెక్షన్లుగా ఇచ్చి అండం విడుదలయ్యేలా చేయొచ్చు. గర్భం అనుకునేముందే ఎండోక్రైనాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టరుని) కలవమనండి, థైరాయిడ్, కార్టిసోల్ మోతాదులు అప్పుడే సరిచూస్తారు. నెలలు నిండేకొద్దీ పిట్యూటరీ సహజంగానే పెద్దదవుతుంది, అందుకని సిస్ట్ ఇంకా కొంత మిగిలి ఉంటే ప్రతి మూడు నెలలకి ఒకసారి ఫీల్డ్ టెస్ట్ చేయించాలి. కాన్పు సమయంలో కార్టిసోల్ మోతాదు పెంచాల్సి ఉంటుంది, ఆ సంగతి కాన్పు చేసే డాక్టరుకి ముందే రాసి ఇవ్వండి.